ఊరూ – బడీ: బహుమతి రానివారి జాబితా

బడి వార్షికోత్సవంలో హెడ్మాస్టరుగారు చదివే రిపోర్టును మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా వినేవారు సభ మొత్తంమీద ముగ్గురే వుంటారంటే అబద్ధం కాదు. రాసిన హెడ్మాస్టరుగారు ఒకరు. తరువాత మాట్లాడవలసిన ముఖ్య అతిథి ఇంకొకరు. తన పిల్ల పేరు వస్తుందేమోనని కుర్చీ అంచున కూర్చున్న తల్లి మూడోవారు. మిగతా సభంతా డాన్సులు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూస్తూ వుంటుంది.

పాపం, ఆ రిపోర్టులో వూరికి కావలసిన సంగతులు చాలా వుంటాయి. తణుకు – ఏలూరు ప్రాంతంలో కతోలిక సంస్థలు నడిపే హైస్కూళ్లనే తీసుకోండి. పదో తరగతి ఫలితాలు, ఆటల పోటీలు, సైన్సు ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, స్కౌట్లు, గైడ్లు, మొక్కలు నాటడం, క్రిస్మసు ముందు పేదలకు బియ్యం, దుప్పట్లు పంచడం – ఇవన్నీ ఒక వరసలో వస్తాయి. ప్రతి దానికిందా కొన్ని పేర్లు. ప్రతి పేరుకూ కొన్ని చప్పట్లు.

ఈ వారం ఆ పేర్లను గురించి కాదు, అందులో రాని పేర్లను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మాటవరసకు ఆరువందలమంది చదివే బడి అనుకోండి. రిపోర్టులో నలభై పేర్లు వచ్చాయి. బాగానే వుంది. తక్కిన అయిదువందల అరవైమంది ఆ ఏడాదంతా ఏమి చేసినట్టు? వాళ్ల చేతికి బంతి వచ్చిందా? వేదికమీద ఒక్క నిమిషమైనా నిలబడ్డారా? లేక నలభైమందికి చప్పట్లు కొట్టడమే వాళ్ల వంతయిందా? బడి గొప్పతనం తేలేది యీ ప్రశ్నకు వచ్చే జవాబులోనే.

కాన్వెంటు అంటే ఏమిటి?

ముందుగా ఒక మాట. మన జిల్లాలో "కాన్వెంటు" అన్న మాటకు పట్టిన గతి మరే మాటకూ పట్టలేదు. కాన్వెంటంటే కతోలిక సన్యాసినులు వుండే మఠం. వారు నడిపే బడికి ఆ పేరు వచ్చింది. అక్కణ్ణుంచి టై కట్టించే ప్రతి బడికీ పాకింది. మేడమీద రెండు గదులు, కింద కిరాణా కొట్టు, గోడమీద ఏనుగు బొమ్మ, కుందేలు బొమ్మ వుంటే చాలు, అదీ కాన్వెంటే. అసలు మఠంవారి బడిని పల్లెటూళ్లలో ఇప్పటికీ "ఆర్‌సీఎం బడి" అనే అంటారు. రోమన్ కాథలిక్ మిషను బడి అని అర్థం. ఆ మూడక్షరాలకు అర్థం తెలియని తాతలుకూడా ఆ బడిలోనే ఓనమాలు దిద్దారు.

ఈ బడుల చరిత్ర చిన్నదేమీ కాదు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు విశాఖపట్నంలో దిగారు. మరుసటి సంవత్సరం, అంటే 1847లో, అక్కడ సెయింట్ అలోషియస్ బడి వెలిసింది. 1855లో ఇటలీలోని మిలాన్ నగరంనుంచి వచ్చిన మిషనరీలు హైదరాబాదు వైపున పని ప్రారంభించారు. కృష్ణా, గోదావరి డెల్టాలలోకి వచ్చిందీ వారే. 1937లో బెజవాడ కేంద్రంగా మేత్రాసనం, అంటే బిషప్పుగారి అధికార పరిధి, ఏర్పడింది. దానినుంచి విడివడి 1976లో ఏలూరు మేత్రాసనమయింది. ఈ మధ్యలో, 1953లో, ఏలూరులో ఆడపిల్లలకోసం సెయింట్ తెరీసా కళాశాల వచ్చింది. ఆడపిల్లను కాలేజీకి పంపడమంటే ఇరుగుపొరుగు చెవులు కొరుక్కునే రోజులవి. "అమ్మగార్ల కాలేజీ" అంటే మాత్రం తాతగారు సైతం తల వూపేవారు.

ఈ బడుల్లో చదివేవారిలో అన్ని మతాలవారూ వున్నారు. ప్రభుత్వ సహాయం పొందే బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధ వినిపించరాదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే వుంది. అందుచేత కతోలిక పిల్లలకు జ్ఞానోపదేశం, మిగతావారికి నీతిపాఠం అని విడివిడిగా పెట్టడం చాలా బడుల్లో వాడుక. తల్లిదండ్రులు వీటిని వెతుక్కుంటూ రావడానికి ముఖ్యకారణం వేరు. క్రమశిక్షణ అన్నది ఒకటి, ఇంగ్లీషు అన్నది రెండోది. పైకి చెప్పని మూడోది, మైదానం. భూమి చవకగా దొరికిన రోజుల్లో వచ్చిన బళ్లకు గుడీ, బడీ, హాస్టలూ పోగా ఇంకా ఖాళీజాగా మిగిలింది. ఇవాళ తణుకులో సెంటు భూమి ధర తెలిసినవారికి ఆ ఖాళీజాగా విలువ వేరే చెప్పనక్కరలేదు.

పన్నెండుమందికోసం ముప్ఫైమంది

ఆటల సంగతి చూడండి. బడిపిల్లల పోటీలు ఒక మెట్లవరస. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన దేశం. పద్నాలుగేళ్లలోపు, పదిహేడేళ్లలోపు, పందొమ్మిదేళ్లలోపు అని మూడు వయసులు. పాతతరం వారికి "గ్రిగ్స్ పోటీలు" జ్ఞాపకం వుండే వుంటాయి. పేరు మారింది కాని మెట్లు మారలేదు.

కబాడీ జట్టంటే ఆటలో ఏడుగురు, బయట అయిదుగురు, మొత్తం పన్నెండుమంది. పత్రికలో ఫొటో పడేది యీ పన్నెండుమందికే. కాని ఒక్క జట్టు తయారు కావాలంటే దానికి ఎదురాడే రెండోజట్టు ఆ బడిలోనే వుండాలిగదా! కూతకు వెళ్లేవాణ్ణి రోజూ సాయంత్రం పట్టి ఆపేవాడు లేనిదే మంచి కూతగాడు తయారుకాడు. ముప్ఫైమంది దుమ్ములో పొర్లితే పన్నెండుమంది తేలతారు. ఆ పన్నెండుమంది కప్పు తెస్తే, తేలని పద్ధెనిమిదిమంది చెమటకూడా అందులో వుంది. రిపోర్టులో వాళ్లకు ఒక్క వాక్యమైనా కేటాయించే బడి మంచి బడి.

సైన్సు విషయమూ అంతే. కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖవారు "ఇన్‌స్పయిర్ మానక్" అన్న పథకం నడుపుతున్నారు. హైస్కూలు పిల్లలు తమకు తోచిన కొత్త ఆలోచనను రాసి పంపాలి. ఒక్కొక్క బడినుంచి అయిదు ఆలోచనలదాకా పంపవచ్చు. ఎంపికైన పిల్లకు నమూనా తయారుచేసుకోవడానికి పదివేల రూపాయలు ఇస్తారు. తరువాత జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, జాతీయ ప్రదర్శన.

ఇక్కడే రెండురకాల బళ్లు తేలిపోతాయి. మొదటిరకం బడిలో వరండాలో ఒక పెట్టె పెడతారు. ఎవరికి ఏమి తోస్తే అది చీటీమీద రాసి వెయ్యవచ్చు. వందమంది రాస్తారు. అందులో ఎనభై పనికిరావు. పదిహేను నవ్వు పుట్టిస్తాయి. అయిదు పైకి వెళతాయి. రెండోరకం బడిలో సైన్సు మాస్టారే రాత్రి కూర్చుని అయిదూ రాసి, క్లాసులో మొదటి అయిదుగురి పేర్లు పెట్టి పంపేస్తారు. రిపోర్టులో రెండు బళ్లకూ ఒకే వాక్యం పడుతుంది: "మా పాఠశాలనుండి ఐదుగురు విద్యార్థులు పాల్గొన్నారు." కాని మొదటి బడిలో వందమంది ఆలోచించారు, రెండోదానిలో ఒక్క మాస్టారు ఆలోచించారు.

బజారులో దొరికే థర్మోకోలు అగ్నిపర్వతాలు, బల్బు వెలిగే సౌరకుటుంబాలు కొని పిల్లచేత పట్టించే తల్లిదండ్రులూ వున్నారు. ఆ డబ్బుతో నాలుగు బజ్జీలు కొనిపెట్టినా పిల్ల సంతోషిస్తుంది. నేర్చుకునేది రెంటిలోనూ సమానమే.

ఊరే ప్రయోగశాల

ఆలోచనకు వస్తువు ఎక్కడ దొరుకుతుందంటారా? తణుకు పిల్లలకు ఆ ప్రశ్నే రాకూడదు.

1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్‌గారు తణుకులో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ కంపెనీ చక్కెరతో మొదలుపెట్టి రసాయనాలదాకా వెళ్లింది. ఇస్రో రాకెట్లలో మండే ద్రవ ఇంధనం తయారుచేసేది కూడా ఆ కంపెనీయే. 2023 జులై 14న చంద్రయాన్‌–3ను మోసుకుపోయిన రాకెట్టు రెండో అంచె మండింది ఆ జాతి ఇంధనంతోనే. చెరకు గానుగకూ చంద్రమండలానికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, తణుకు పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి.

మరికొంచెం ముందుకు పోతే మార్టేరు వరి పరిశోధన స్థానం. 1925నుంచీ వుంది. ఎం.టి.యు. 7029 అన్న వరిరకం 1982లో అక్కడినుంచే వచ్చింది. నంబరు చెబితే ఎవరికీ తెలియదు, "స్వర్ణ" అంటే తెలియని రైతు లేడు. మన డెల్టా దాటి ఒరిస్సా, బెంగాలు, బీహారు పొలాలకు కూడా పాకింది. నీటమునిగినా కొన్నాళ్లు తట్టుకుని నిలిచే స్వర్ణ రకాన్ని తరువాత దీనినుంచే తయారుచేశారు. ఏటా తుపానుల్లో చేలు మునిగే మన జిల్లా పిల్లలకు ఇంతకు మించిన సైన్సు పాఠం ఏముంది?

ఏలూరు వైపు పిల్లలకు కొల్లేరు వుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీటిని పట్టివుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే మంచినీటి సరస్సు. 1999లో అభయారణ్యమయింది. 2002లో రామ్సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో చేపలచెరువుల గట్లు ప్రభుత్వమే కొట్టించింది. కైకలూరు దగ్గర ఆటపాక వెళితే గూడబాతులు చెట్లమీద కాపురం పెట్టి కనపడతాయి. పక్షులు వుండాలా, చెరువులు వుండాలా, చెరువులమీద బతికే కుటుంబాలు ఏమి కావాలి – ఈ మూడింటిమీద పదో తరగతి పిల్లలచేత వక్తృత్వపు పోటీ పెట్టి చూడండి. "నీటి పొదుపు" మీద బట్టీపట్టిన ఉపన్యాసంకంటే వెయ్యిరెట్లు రక్తికడుతుంది. ఎందుకంటే సభలో కూర్చున్నవారిలో సగంమందికి అందులో వాటా వుంటుంది.

వ్యాసరచనకూ, కవితకూ కూడా యీ ఊరు దరిద్రమైంది కాదు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921లో తణుకు పక్కనున్న మండపాకలో పుట్టారు. 1966లో పోయేదాకా తణుకే ఆయన ఊరు. పదకొండో ఏటనే కథ రాశారు. ఆయన పోయాక 1968లో వెలువడిన "అమృతం కురిసిన రాత్రి"కి 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంటే బహుమతి వచ్చేనాటికి పుచ్చుకునేందుకు మనిషి లేడు. పదకొండేళ్ల పిల్లవాడు నోటుపుస్తకం చివరిపేజీలో ఏదో గిలికితే మందలించే ముందు మాస్టర్లు ఒక్క క్షణం ఆగితే మంచిది.

ఒక్క వారంలో రెండు విజయాలు

మైదానం వుంటే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మన జిల్లా దాటి హైదరాబాదు దాకా వెళ్లాలి. అక్కడి కతోలిక బడుల కథ లోకానికంతా తెలిసింది.

2001 మార్చి 11న పుల్లెల గోపీచంద్ ఇంగ్లండులో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ పోటీ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పడుకోనె గెలిచిన తరువాత ఆ కప్పు భారతీయుడి చేతికి రావడం అదే మొదలు. సరిగ్గా అదేరోజున కలకత్తా ఈడెన్ తోటలో ఆస్ట్రేలియాతో టెస్టు ప్రారంభమయింది. ఫాలోఆన్‌లో పడిన జట్టును వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు తీసి నిలబెట్టాడు, ఆట గెలిచాం. ఆ వారంలో దేశమంతా చెప్పుకున్న యీ ఇద్దరిలో గోపీచంద్ చదివింది హైదరాబాదులోని సెయింట్ పాల్స్‌లో, లక్ష్మణ్ చదివింది లిటిల్ ఫ్లవర్ హైస్కూల్లో. రెండూ మోంట్‌ఫోర్ట్ బ్రదర్లు నడిపే బడులే. అంతకు పదహారేళ్లముందు, 1984–85లో, మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు సెంచరీలు కొట్టిన అజారుద్దీన్ చదివిన ఆల్ సెయింట్స్ కూడా వారిదే.

పి.వి. సింధు సంగతి మరీ చెప్పాలి. ఆమె హైస్కూలు చదువు సికిందరాబాదులోని ఆక్సీలియంలో. అదీ కతోలిక సన్యాసినుల బడే. రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసి టైముకు ప్రాక్టీసుకు హాజరయ్యేదని ఆమె చిన్నతనంలోనే పత్రికలు రాశాయి. 2016లో రియో ఒలింపిక్సులో వెండిపతకం, 2019లో ప్రపంచ ఛాంపియను, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కంచుపతకం.

అయితే ఇక్కడొక తిరకాసు వుంది. ఈ పేర్లు చెప్పి "చూశారా, మా బడుల మహిమ" అనడం సులభం. సింధును తయారుచేసింది బడి ఒక్కటే కాదు. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, ఆపైన గోపీచంద్ అకాడమీ. బడి చేసిన సాయం ఇంతకంటే చిన్నది, అయినా ముఖ్యమైనది. "ఆట మానితేనే చదువు" అనలేదు. హాజరుపట్టీలో ఆమెకు చోటు వుంచింది. ఆ మాట అనని బడి, ఆట ఆడుతున్న పిల్లకు తలుపు మూయని బడి తణుకులోనైనా ఏలూరులోనైనా వుంటే చాలు. పతకం వస్తుందా రాదా అన్నది తరువాతి సంగతి. ఆ బడుల్లో లక్ష్మణ్‌తోబాటు ఆడిన పిల్లలు ఎందరో బ్యాంకుల్లోనో, దుకాణాల్లోనో వుండివుంటారు. మైదానం వాళ్లకోసంకూడా వేసిందే.

ఖాళీ అయ్యే పేజీ

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. బడి రిపోర్టులను తరగతివారీగా చదివితే ఒక చిత్రం కనపడుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు అన్ని పోటీల్లోనూ వుంటారు. తొమ్మిదికి వచ్చేసరికి పలచబడతారు. పదో తరగతి దగ్గర ఆటలపేజీ దాదాపు ఖాళీ. ఆ పిల్లలంతా ఏమయ్యారంటే, స్టడీ అవర్లలో వున్నారు. తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి. దసరా తరువాత డ్రిల్లు పీరియడు లెక్కల పీరియడవుతుంది. సంక్రాంతి తరువాత అసలు పీరియడ్లే వుండవు, అన్నీ పరీక్షలే.

పదో తరగతి పరీక్ష ఆరువందల మార్కులకు. 2025లో ఆరువందలకు ఆరువందలూ తెచ్చుకున్న విద్యార్థినికూడా మన రాష్ట్రంలో వుంది. ఆ పిల్ల కష్టానికి చేతులెత్తి నమస్కరించాల్సిందే. కాని ఆ వార్త వచ్చిన మర్నాడు 580 తెచ్చుకున్న పిల్ల ఇంట్లో ఏమి జరిగిందో ఎవరూ రాయలేదు. "ఆ ఇరవై ఎక్కడ పోయాయే?" అని అడిగిన ఇళ్లు ఎన్ని వుంటాయో!

మార్కులు అక్కరలేదని చెప్పడం యీ శీర్షిక వుద్దేశం కాదు. అలా చెప్పడానికి కడుపునిండిన వాళ్లం కావాలి. రైసుమిల్లులో బస్తాలు మోసే తండ్రికి కూతురి మార్కులే ఆస్తి. ఆయనతో "ఆటలు ముఖ్యమండీ" అంటే, "మీకేం బాబూ, చెబుతారు" అంటాడు. ఆయన మాటలో న్యాయముంది. కాని ఆయనకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. రోజుకు ముప్పావుగంట ఆటస్థలంలో గడపడంవల్ల ఆ పిల్ల చదువు చెడదు. కూర్చున్నచోటనే పన్నెండుగంటలు కూర్చుంటే బుర్ర ఎక్కించుకునేది అంతకంతకూ తగ్గిపోతుంది. ఇది డాక్టర్లూ చెబుతున్నారు, ఎడ్లను కట్టిన రైతుకూ తెలుసు. మధ్యాహ్నం కాడి విప్పకుండా దున్నించేవాడు ఎవడు?

ఆడపిల్లల విషయంలో యీ ఖాళీపేజీ మరీ బాధాకరం. ఎనిమిదో తరగతిలో రెండువందల మీటర్ల పరుగులో అందరినీ దాటిపోయిన పిల్ల, పదో తరగతిలో మైదానం అంచున మిగతావాళ్ల సంచులు కాపలాకాస్తూ కనపడుతుంది. "పెద్దదయింది గదా" అంటారు ఇంట్లో. "పరీక్షలు గదా" అంటారు బడిలో. ఇద్దరూ కలిసి చెప్పింది ఒకటే మాట. కూర్చో. సన్యాసినులు నడిపే బడులు యీ మాటను ఎదిరించగల స్థితిలో వున్నాయి. అమ్మగారు చెబితే తల్లిదండ్రులు వింటారు. ఏడు దశాబ్దాల కిందట ఆడపిల్ల కాలేజీకి వెళ్లాలని ఏలూరులో చెప్పి వినిపించినవాళ్లు, ఇవాళ పదో తరగతి పిల్ల సాయంత్రం అరగంట పరుగెత్తాలని చెప్పలేరా?

ఎయిడు వున్న బడి, లేని బడి

ఇంకొక సంగతికూడా గుర్తుంచుకోవాలి. కతోలిక బడులన్నీ ఒకటి కావు. ఫీజు పుచ్చుకునే ఇంగ్లీషు మీడియం బడి ఒకటి. జీతాలకు ప్రభుత్వంనుంచి సహాయం, అంటే ఎయిడు, పొందే బడి మరొకటి. రెండోదానిలో కూలిపనివారి పిల్లలు, కౌలురైతుల పిల్లలు చదువుతారు.

2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను గురించి ఉత్తర్వు తెచ్చింది. ఆస్తులతోసహా ప్రభుత్వానికి అప్పగించండి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించి సొంతంగా నడుపుకోండి అన్నది దాని సారాంశం. రాష్ట్రంలో పలుచోట్ల తల్లిదండ్రులూ, విద్యార్థులూ రోడ్డెక్కారు. సొంతంగా నడుపుకోవడమంటే ఫీజులు పెంచడమేగదా అని వాళ్ల భయం. నవంబరులో ప్రభుత్వం మెత్తబడి, ఇష్టమైతే ఎయిడుతోనే కొనసాగవచ్చునన్నది. గండం తప్పిందిగాని, ఇలాంటి బడి ఎంత సన్నని దారంమీద వేలాడుతుందో ఆ మూడునెలల్లోనూ తెలిసింది.

ఎయిడెడ్ బడిపిల్లలకు ఒక మేలుంది. చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కాబట్టి ఇక్కడ వివరంగా చెప్పాలి. ఎనిమిదో తరగతిలో "ఎన్.ఎం.ఎం.ఎస్." అని ఒక కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష వుంది. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే దీనికి అర్హులు. తల్లిదండ్రుల ఆదాయం ఏటా మూడున్నర లక్షలు మించకూడదు. ఒక పేపరు తెలివికి, ఒక పేపరు పాఠాలకు. ఎంపికైతే తొమ్మిదినుంచి పన్నెండో తరగతిదాకా ఏడాదికి పన్నెండువేల చొప్పున, నాలుగేళ్లకు నలభై ఎనిమిదివేలు ఇస్తారు. పదో తరగతి కాగానే "ఇక చాలు, సంబంధం చూద్దాం" అనే ఇంట్లో ఆ పన్నెండువేలు పిల్లను ఇంటర్‌మీడియట్ గుమ్మం దాటిస్తాయి. బడి రిపోర్టులో "ఇద్దరికి ఎన్.ఎం.ఎం.ఎస్. వచ్చింది" అన్న వాక్యం చప్పట్లు లేకుండానే వెళ్లిపోతుంది. నిజానికి డాన్సుకంటే ముందుగా చప్పట్లు కొట్టవలసిన వాక్యమదే. అక్కడకూడా అడగాల్సింది అదే ప్రశ్న. ఎంతమందిచేత రాయించారు? ఇద్దరికి వచ్చిందంటే అరవైమంది రాశారా, ఇద్దరే రాశారా?

మూడు ప్రశ్నలు

కొత్త సంవత్సరానికి పిల్లలను బడిలో వెయ్యబోయే తల్లిదండ్రులు సాధారణంగా ఫీజు అడుగుతారు, కిందటేడు ఫలితాలు అడుగుతారు, బస్సు వస్తుందా అని అడుగుతారు. అడగండి. అడగవలసినవే. వాటికి మరి మూడు కలపండి.

మొదటిది. "పదో తరగతి పిల్లలు వారానికి ఎన్నిరోజులు ఆడతారండీ?" అని అడగండి. ఆరో తరగతిని గురించి అడిగితే అన్ని బడులూ ఒకే జవాబు చెబుతాయి. పదో తరగతిని గురించి అడిగితేనే నిజం బయటపడుతుంది.

రెండోది. "లైబ్రరీ తాళంచెవి ఎవరి దగ్గర వుంటుంది?" అని అడగండి. జవాబు వెంటనే వస్తే ఆ లైబ్రరీ తెరుస్తున్నారన్నమాట. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే బీరువాలో పుస్తకాలు భద్రంగా వున్నాయని అర్థం. ఆటస్థలమూ, గ్రంథాలయమూ బడికి వుండి తీరాలని 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే రాశారు. కాబట్టి మీరు అడిగేది గొంతెమ్మకోరిక కాదు.

మూడోది ముఖ్యమైనది. "ఈ ఏడాది ఏ పోటీలోనూ పాల్గొనని పిల్లలు ఎంతమంది?" అని అడగండి. గెలవనివారు కాదు, అసలు పాల్గొననివారు. ఏ బడిదగ్గరా ఈ జాబితా సిద్ధంగా వుండదు. కాని తయారుచెయ్యడం ఎంతపని? హాజరుపట్టీ వుంది, పోటీల కాగితాలు వున్నాయి. ఒక గుమాస్తా ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఆ జాబితా చేతికి వచ్చాక క్లాసుటీచరు ఒక్కొక్క పేరు ఎదుటా ఒక పని రాయాలి. ఒకరికి గోడపత్రిక రాసే పని. ఒకరికి వార్తలు చదివే పని. ఒకరికి ఖోఖో గీతలు గీసే పని. మాట తడబడే పిల్లవాడికి తెరలాగే పని ఇవ్వండి. ఏడాది తిరిగేసరికి వాడే తెరముందుకు వస్తానని అడుగుతాడు.

సన్యాసం పుచ్చుకుని బడి నడపడానికి వచ్చినవారికి ఇది కొత్తపని కాదు. తప్పిపోయిన ఒక్క గొర్రెకోసం తొంభైతొమ్మిదింటిని వదిలి వెతుక్కుంటూ వెళ్లిన కాపరి కథను పిల్లలకు చెప్పేది వారే. బడి రిపోర్టుకు కూడా ఆ లెక్కే వర్తిస్తుంది.

ఈ మూడో ప్రశ్న అడిగిన తండ్రికి కుర్చీ వేసి, "కూర్చోండి, చూసి చెబుతాం" అన్న బడి వుంటే, ఫీజు వంద ఎక్కువైనా మీ పిల్లను అందులోనే వెయ్యండి.